మందు అనను

ఆ వానాకాలం మా ఇంట్లో రెండు పార్టీలు ఉండేవి. ఒకటి గడ్డి మందు పార్టీ. అందులో మా నాన్న ఏబెల్ ఒక్కడే సభ్యుడు. తిరువూరు మెయిన్ రోడ్డు మీద వెంకటప్పయ్య గారి ఎరువులు, పురుగుమందుల కొట్టులో కౌంటరు వెనక నిలబడి సరుకు ఇచ్చేది ఆయనే. రెండోది చేతి కలుపు పార్టీ. దానికి మా అమ్మ చిట్టెమ్మ నాయకురాలు. పత్తి చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ల ముఠాకు ఆమె మేస్త్రి. నాన్న అమ్మే ప్రతి డబ్బా తన ముఠా నోటి దగ్గర కూడు లాక్కుంటుందని ఆమె వాదన.

ఈ ఇద్దరి మధ్యలోకి ఆగస్టు నెలలో నేను దిగాను. నా పేరు హెప్సిబా. హైదరాబాదులో ఒక ల్యాబులో మలేరియా క్రిమి మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. సెప్టెంబరులో నా ఫెలోషిప్ పొడిగించాలా వద్దా అని కమిటీ కూర్చుంటుంది. ఈలోగా ఇంట్లో కూర్చుని థీసిస్ రాసుకుందామని వచ్చాను.

అన్నం పెడుతూ అమ్మ అడిగింది. "ఇంతకీ నువ్వు ఏ పార్టీయే?"

"మలేరియా పార్టీ."

"ఆ పార్టీ ఈ ఏడు బాగానే గెలుస్తోంది," అన్నాడు నాన్న.

నిజమే. జామాయిల్ తోటలు కొట్టడానికి ఏజెన్సీ అడవుల వైపు వెళ్లిన ముఠాలు ఒక్కొక్కటే చలిజ్వరంతో తిరిగొస్తున్నాయి. పెనుగొలనులో, గంపలగూడెంలో ఏ వీధిలో చూసినా ఎండలో దుప్పటి కప్పుకుని కూర్చున్న మగవాళ్లు కనిపిస్తున్నారు. మా పాస్టరు గారు ఇంటికొచ్చి మరీ అడిగారు.

"ఆదివారం ఆరాధన అయ్యాక ఈ జ్వరం గురించి కాసేపు చెప్పమ్మా. నేను చెబితే ప్రార్థన చేసుకుంటారు. నువ్వు చెబితే రక్తపరీక్ష చేయించుకుంటారు."

సరేనన్నాను. ఆ కాసేపే ఆ కాలాన్నంతా తలకిందులు చేస్తుందని ఎవరికి తెలుసు?

*

చర్చిలో చాపల మీద ఆడవాళ్లు, గోడ వారగా మగవాళ్లు. మైకు నాకు అలవాటు లేదు. అందుకని పాఠంలా కాకుండా మా వీధి అరుగు మీద మాట్లాడినట్టే మొదలుపెట్టాను. దోమ కుట్టాక క్రిమి ముందు కాలేయంలో దాక్కోవడం, తర్వాత ఎర్ర రక్తకణంలో దూరి దాన్ని లోపలి నుంచి తినేయడం, కణం పగిలి పిల్లలన్నీ ఒక్కసారి బయటపడ్డప్పుడల్లా ఒళ్లు వణకడం. ఇవన్నీ చెప్పాను.

"మరి మీ ల్యాబులో దాన్ని ఎట్టా పట్టుకుంటారు?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"పట్టుకోం తాతా, పెంచుతాం. సీసాలో మనిషి రక్తం పోసి అందులో పెంచుతాం."

"ఊళ్లో ఉన్నది చాలక పెంచడం కూడానా," అన్నాడాయన. చర్చి అంతా నవ్వింది.

నవ్వాక జనం బాగా వింటారు. అసలు సంగతిలోకి వచ్చాను. కోట్ల ఏళ్ల కిందట ఈ క్రిమి తాతముత్తాతలు ఒక నాచును మింగాయి. మింగాయి గానీ అరిగించుకోలేదు. ఆ నాచు ముక్క ఇప్పటికీ క్రిమి ఒంట్లోనే ఉంది. పచ్చరంగు పోయింది, ఎండతో పని పోయింది, కానీ పొయ్యి మాత్రం ఆరలేదు. క్రిమి బతకడానికి తప్పనిసరైన ఒక సరుకు అందులోనే తయారవుతుంది. మన ఒంట్లో అలాంటి వంటిల్లు లేదు. కాబట్టి ఆ వంటింటినే పడగొట్టే పదార్థం దొరికితే క్రిమి చస్తుంది, మనిషికి దెబ్బ తగలదు. మేం గురిపెట్టింది అక్కడే.

చాప మీది నుంచి మా అమ్మ అంది. "అంటే దాని ఒంట్లో కలుపు మొక్క ఉందంటావు."

"అలాంటిదే అమ్మా. అందుకే గడ్డి మందుల వెతుకులాటలో దొరికిన పదార్థం మలేరియా క్రిమిని కూడా చంపుతుంది. అయితే కొట్లో అమ్మే గడ్డి మందు మనిషి కడుపులోకి పోతే క్రిమి కంటే ముందు మనిషే పోతాడు. మనిషిని ముట్టుకోకుండా ఆ ఒక్క ముక్కనే కొట్టేదాన్ని వెతకడమే మా పని. అది ఇంకా దొరకలేదు. అప్పటిదాకా రక్తపరీక్ష, డాక్టరు ఇచ్చిన బిళ్లలు. అంతే."

ఇదీ నేను చెప్పింది. ఎవరో ఫోన్లో తీశారు. ఆ ఎవరో ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు. తీసినదాన్ని కోశారు. ఊళ్లోకి వెళ్లిన ముక్కలో అమ్మ మాట ఉంది, నా మొదటి వాక్యం ఉంది. "అయితే" అన్న దగ్గర కత్తెర పడింది.

*

రెండు మూడు రోజుల్లో ఆ ముక్క తిరువూరు దాటింది. "మన పిల్ల కనిపెట్టింది, గడ్డి మందే మలేరియా మందు" అని పైన ఎర్ర అక్షరాలు. ఫోన్ తెరిస్తే నా మొహమే. నాన్న మొదట్లో పొంగిపోయాడు. నాకు అర్థమయ్యేసరికి కొట్టు ముందు ఫ్లెక్సీ కూడా లేచింది.

"నిచ్చెన పట్టుకున్నది నేనేనే," అన్నాడు గర్వంగా.

"అందులో ఏం రాశారో చదివావా నాన్నా?"

"నీ ఫొటో చూశాను."

గబగబా కొట్టుకు నడిచాను. చర్చిలో మైకు పట్టుకున్న నా బొమ్మ, పక్కన తెల్ల డబ్బాల వరస. "తిరువూరు ఆడబిడ్డ మాట. గడ్డి మందుతో మలేరియా మాయం. ఇంటి చుట్టూ కొట్టండి, నిశ్చింతగా ఉండండి."

వెంకటప్పయ్య గారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. మంచి మాటకారి. కోపం తెచ్చుకోవడం ఆయనకు చేతకాదని ఊళ్లో చెప్పుకుంటారు.

"రామ్మా సైంటిస్టూ. ఫొటో బాలేదా? చెప్పు, మార్పిస్తా."

"ఫొటో ఉంచుకోండి. మాట మార్చండి."

"మాట నీదేగా."

"సగం నాది. మిగతా సగంలో ఇది తాగితే చస్తారని చెప్పాను."

"తాగమని ఎవరన్నారమ్మా? ఇంటి చుట్టూ కొట్టుకోమన్నాం. గడ్డి పోతే దోమ పోతుంది, దోమ పోతే జ్వరం పోతుంది. ఇందులో తప్పు చూపించు." ఆయన చేతులు చాపారు. "మీ నాన్న ఇన్నేళ్లుగా నా కొట్లో మనిషి. నీ పేరు పాడుచేస్తానా?"

అప్పుడే నా ఫోన్ మోగింది. మా గైడు గీతాంజలి మేడం. కొట్టు మెట్ల మీదకి వచ్చి ఎత్తాను.

"హెప్సిబా, ఆ వీడియో మా డిపార్ట్‌మెంట్ గ్రూపులో తిరుగుతోంది. డీన్ చూశారు. ల్యాబు పేరుతో గడ్డి మందు అమ్ముతున్నారని ఎవరో ఫిర్యాదు కూడా పెట్టారు."

"కోసిన వీడియో మేడం అది. మొత్తం ఉంటే..."

"మొత్తం ఎవరు వింటారు? నకిలీ వీడియో అని చెప్పు. నీ గొంతును కంప్యూటర్లో సృష్టించారని చెప్పు, ఈ రోజుల్లో అందరూ నమ్ముతారు. చిన్న వీడియో తీసి పెట్టెయ్. కమిటీ ముందు నేను నీ తరఫున మాట్లాడాలంటే నాకు అది కావాలి."

ఆలోచించి చెబుతానన్నాను. తప్పించుకోవడానికి మంచి దారే. ఒక్క అబద్ధం, ఫెలోషిప్ చేతిలో ఉంటుంది. మెట్ల మీద నిలబడి ఆ అబద్ధాన్ని నోట్లో అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. ఒకామె నన్ను దాటుకుని కౌంటరు దగ్గరికి వెళ్లింది. చీర కొంగు తలమీదికి లాక్కుని ఉంది. వానలో నడిచొచ్చినట్టుంది.

"అన్నా, గడ్డి మందు ఇవ్వు. చిన్న డబ్బా చాలు."

నాన్న అలవాటుగా అర వైపు చెయ్యి చాపాడు. కొట్టుకు వచ్చిన ప్రతి మనిషినీ ఆయన అడిగే ప్రశ్న ఒకటే. తల తిప్పకుండానే అడిగాడు.

"ఎన్నెకరాలకమ్మా?"

"చేను కాదన్నా. మనిషికి."

నాన్న చెయ్యి డబ్బా మీద ఆగింది.

"ఏ మనిషికి?"

"మా ఆయనకి. చలిజ్వరం. బిళ్లలు మింగినా పోలేదు. మూతతో ఒక్కసారి పోస్తే చాలంటగా?" ఆమె వేలు ఫ్లెక్సీ వైపు చూపించింది. "ఆ పాప చెప్పింది."

ఆ పాప ఆమె వెనకే నిలబడి ఉంది. ఆమె చూడలేదు. నాన్న చూశాడు. డబ్బాను అరలో వెనక్కి నెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని, కౌంటరు పలక పైకెత్తి బయటికి వచ్చాడు. బేరాల వేళ ఆయన ఆ పలక ఎత్తడం నేను ఎప్పుడూ చూడలేదు.

"కూర్చో అమ్మా," అని తన స్టూలు లాగి ఇచ్చాడు. "ఏ ఊరు?"

"పెనుగొలను. రూత్ అంటారు నన్ను. మందు ఇవ్వవా అన్నా?"

"ఇస్తాను. ముందు మీ ఆయన్ని చూద్దాం పద."

"ఏబేలూ, బేరం సంగతేంటి?" అన్నారు వెంకటప్పయ్య గారు కుర్చీలోంచి.

నాన్న ఆయన వైపు చూడలేదు. రోడ్డు మీద పోతున్న షేర్ ఆటోను చెయ్యెత్తి ఆపాడు.

*

ఆటో తోలేది మీరావలి అన్న. మిగతా ఎక్కినవాళ్లను దించేసి మమ్మల్ని తీసుకెళ్లాడు. దారంతా గతుకులు, రెండు పక్కలా మోకాలెత్తు పత్తి.

రూత్ వాళ్ల ఇల్లు పెనుగొలను ఊరి చివర. ఆమె భర్త అంతోనయ్య నులక మంచం మీద రెండు దుప్పట్ల కింద ఉన్నాడు. కళ్లు పచ్చబడ్డాయి. నన్ను చూసి లేవబోయాడు.

"ఫోన్లో వచ్చింది నువ్వేనామ్మా? మందు తెచ్చావా?"

"మీరు వాడిన బిళ్లలేవీ?"

రూత్ దిండు కింది నుంచి ఖాళీ అట్ట తీసింది. సరైన బిళ్లలే. ఏజెన్సీలో రక్తం తీసి చూసి, మూడు రోజులకు సరిపడా ఇచ్చారు. అట్ట మొత్తం అయిపోయింది. ఈ బిళ్లలు పనిచేయకుండా పోయే రోజు వస్తుందని మా ల్యాబులో ప్రతి మీటింగులోనూ అనుకుంటాం. అందుకే కొత్త గురి కోసం వెతుకులాట. ఆ రోజు పెనుగొలను దాకా వచ్చేసిందా?

"అన్నీ మీరే మింగారా?"

అంతోనయ్య నాకేసి వింతగా చూశాడు. "నేనొక్కణ్ణే ఎట్టా మింగుతానమ్మా? నలుగురికి జ్వరం. పరీక్ష చేసింది నాకే. అట్ట ఇచ్చింది నాకే. ముఠా అన్నాక బీడీ కట్టయినా కోడికూరైనా సమానమే. వాళ్లు వణుకుతూ చూస్తుంటే నేను మింగితే నాకు దిగుద్దా?"

"పంచారా?"

"పంచాను. తలా కొన్ని. మాకు ఒకపూట తగ్గింది కూడా."

నాన్న మొహం తిప్పుకున్నాడు. కోప్పడాలో కాళ్లకు దణ్ణం పెట్టాలో నాకు తెలియలేదు. మంచం పట్టె మీద కూర్చున్నాను.

"అన్నా, మందు సగమే పడితే నీరసంగా ఉన్న క్రిములే చస్తాయి. గట్టివి బతుకుతాయి. బతికినవి ఆ మందు రుచి చూసి బతికినవి. నలుగురిలోనూ ఇప్పుడు అవే ఉన్నాయి. దోమ వాటినే మోసుకెళ్తుంది. ఇట్లా వెయ్యి ముఠాలు పంచుకుంటే ఇంక ఈ బిళ్లలు ఎవరికీ పనిచేయవు."

"అయితే మేం పంచుకుంది జ్వరాన్నంటావు."

"అంతే."

ఆయన దుప్పటి పక్కకు నెట్టాడు. "పిలవండి వాళ్లని," అన్నాడు. మిగిలిన ముగ్గురూ వచ్చారు. నలుగురినీ ఆటోలో కూర్చోబెట్టాం. తిరువూరు ఇంకా రాకముందే అంతోనయ్య మాట తడబడింది. రూత్‌ను వేరే పేరుతో పిలిచాడు. మీరావలి అన్న హారను మీద నుంచి చెయ్యి తియ్యకుండా ఆసుపత్రి గేటు దాకా తోలాడు.

స్లైడులో క్రిమి కనిపించింది, మెదడుకు ఎక్కే రకమే. ఇంజెక్షను పెట్టారు. మిగతా ముగ్గురికి తలా ఒక అట్ట ఇచ్చి, మొదటి మోతాదు నర్సమ్మ ఎదుటే మింగించారు. అంతోనయ్య సంగతి తెల్లవారితే గానీ చెప్పలేమన్నారు డాక్టరు.

ఆసుపత్రి వసారాలో రూత్ నా పక్కన కూర్చుంది. అప్పటిదాకా భర్త మీదే ఉన్న చూపు నా వైపు తిప్పింది.

"ఫోన్లో ఆ మాట అన్నది నువ్వే కదా?"

"నేనే."

"అది పోస్తే ఏమయ్యేది?"

చెప్పాను. దాచకుండా చెప్పాను. ఆమె ఏడవలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విన్నది.

"మా వీధిలో ఇంకో ఇద్దరు తెచ్చిపెట్టుకున్నారు," అంది. "జ్వరం ఎక్కువైతే చూద్దామని."

మేడం మళ్లీ ఫోన్ చేశారు. "నకిలీ అని పెట్టావా?"

"పెట్టను మేడం."

"ఏమన్నావు?"

"చర్చిలో నన్ను కళ్లారా చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అది నేను కాదంటే, అబద్ధమాడుతున్నానని వాళ్లకు తెలుస్తుంది. అబద్ధమాడేదాని మాట విని ఇంట్లో డబ్బా ఎవరు పారబోస్తారు? అది నేనేనని చెప్పి, మిగతా సగం చెబుతాను."

"నీకు అర్థమవుతోందా? కమిటీలో ఒంటరిదానివైపోతావు."

"అవుతోంది మేడం."

ఆవిడ ఫోన్ పెట్టేశారు. నాన్న పక్కనే నిలబడి అంతా విన్నాడు. "టీ తాగుతావా?" అన్నాడు.

*

అంతోనయ్య మర్నాడు పొద్దున కళ్లు తెరిచి నీళ్లు అడిగాడు. ఆ కబురు చెవిన పడగానే మీరావలి అన్న ఆటోకు మైకు కట్టించాను. సంత రోజు. చుట్టుపక్కల ఊళ్ల జనమంతా తిరువూరులో ఉంటారు. ఆటోను సరిగ్గా వెంకటప్పయ్య గారి కొట్టు ఎదుట ఆపమన్నాను.

నాన్న అప్పటికే కౌంటరు వెనక ఉన్నాడు. పనికి పోతావా అని పొద్దున అడిగితే, "పోకపోతే వచ్చేవాళ్లను ఎవరు అడుగుతారు?" అన్నాడు.

"నేను హెప్సిబాను. ఫోన్లలో తిరుగుతున్న పిల్లను నేనే. ఆ మాట నేనే అన్నాను. కానీ..."

జనం మూగారు. మొత్తం చెప్పాను. క్రిమి ఒంట్లో నాచు ముక్క ఉందని, దాన్ని కొట్టే పదార్థం కోసం ఇంకా వెతుకుతున్నామని, కొట్లో డబ్బాలో ఉన్నది అది కాదని, తాగితే ఊపిరితిత్తులు ఎండిపోయి చస్తారని, ఆసుపత్రిలో కూడా చేయగలిగింది తక్కువని.

వెనక నుంచి ఒకడు అరిచాడు. "మరి మందన్నావు కదా. మందు తాగితే చావడమేంటి?"

అది నేను ఆలోచించని మాట. జ్వరానికి వాడేదీ మందే, పురుగుకు కొట్టేదీ మందే. ల్యాబులో రెంటికీ వేరే వేరే పేర్లు వాడతాం. ఇక్కడ పుట్టి, ఇక్కడి భాషలోనే నోరు తిప్పడం నేర్చుకున్న నేను, రెంటినీ ఒకే మాటతో చర్చి నిండా పంచాను. కత్తెర పట్టినవాడికి కష్టం లేకుండా చేసింది ఆ మాటే.

"మా ఆయన తాగేదీ మందేగా," అంది అమ్మ ముఠాలోంచి ఒకామె. అప్పుడు చూశాను. అమ్మ ముఠా మొత్తం ఆ రోజు చేలోకి పోలేదు. కొడవళ్లు చంకన పెట్టుకుని కొట్టు ముందు వరసగా నిలబడి ఉంది.

జనం నవ్వారు. అమ్మ నవ్వలేదు.

"పీక పిసికేదాన్ని మందంటారేంటయ్యా? విషం అనండి. గడ్డి విషం. కొట్లో అడిగినా అట్టానే అడగండి, ఇంట్లో పెట్టుకున్నా అట్టానే పెట్టుకోండి. దానికి మందని ఎవరు పేరు పెట్టారో గానీ, మా చేత కూలి మాన్పించడానికే పెట్టుంటారు."

"రాజకీయం చెయ్యకు వదినా," అన్నాడొకడు.

"చేస్తా. నీ పత్తి తియ్యడానికి మళ్లీ నా దగ్గరికే వస్తావుగా, అప్పుడు మాట్లాడదాం."

అంతలో ఒక రైతు, ఈ గొడవ తనది కాదన్నట్టు, జనాన్ని తోసుకుని కౌంటరు దగ్గరికి వెళ్లాడు. "ఏబేలన్నా, గడ్డి మందు."

నేను మైకు దించాను. నాన్న రోజూ మాట్లాడే గొంతుతోనే అడిగాడు.

"గడ్డి విషమా? ఎన్నెకరాలకు?"

రైతు బిత్తరపోయాడు. వెంకటప్పయ్య గారు కుర్చీలోంచి లేచారు. "ఏబేలూ, ఏంటా మాట?"

"ఉన్న మాటేనండి. డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంది."

"కూతురు రోడ్డు మీద అరుస్తోందని ఊరుకున్నాను. చిన్నపిల్ల. నీకేమైంది? నా కొట్లో నిలబడి నా సరుకును విషమంటావా?"

"అమ్మనంటం లేదుగా. చేనుకు అడిగితే ఇస్తాను. పేరు చెప్పి ఇస్తాను."

"మందు అను."

"అననండి."

"ఏబేలూ, ఇన్నేళ్లు నా ఉప్పు తిన్నావు. ఒక్క మాట. మందు అను."

నాన్న కౌంటరు మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. "నిన్న ఆ అమ్మాయి అడిగినప్పుడు నేను ఎకరాలు అడక్కపోయుంటే, ఆమె సంచిలో పెట్టి పంపేవాణ్ణండి. నవ్వుతూ పంపేవాణ్ణి. ఇంక నా నోటికి ఆ మాట రాదు."

"రాకపోతే లోపల నిలబడక్కర్లేదు."

నాన్న పలక ఎత్తి బయటికి వచ్చాడు. మేకుకు తగిలించిన టిఫిన్ క్యారియరు అందుకున్నాడు. అందరూ ఇంటికి వెళ్తాడనుకున్నారు. ఆయన కొట్టు పక్క సందులోకి వెళ్లి నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాడు.

"ఈ నిచ్చెన మాత్రం ఒకసారి వాడుకుంటానండి," అన్నాడు ఓనరుతో, అదే మర్యాదతో. "ఎక్కించింది నేనే, దించడం కూడా నా పనే."

క్యారియరు నాకిచ్చి ఎక్కాడు. అమ్మ వచ్చి నిచ్చెన కాళ్లు పట్టుకుంది. ఆ ఇద్దరూ ఒకే పార్టీలో ఉండగా నేను చూడటం అదే మొదలు. ఫ్లెక్సీ తాళ్లు ఒక్కొక్కటే తెగి, నా మొహం సగానికి మడతపడి బురదలో పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కౌంటరు దగ్గరి రైతు మాత్రం డబ్బా తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

*

ఆ రోజు వీడియో కూడా తీశారు. మొదటి ముక్క వెళ్లినంత దూరం అది వెళ్లలేదు. అందుకని వీడియో వెళ్లని చోటికల్లా అమ్మ ముఠా వెళ్లింది. ఏ ఊరి చేలో కలుపుకు దిగినా, గట్టు మీద సద్దిమూట విప్పేవేళ అమ్మ అదే మాట చెప్పేది. రూత్ తన వీధిలో ఆ ఇద్దరి ఇళ్లకూ తనే వెళ్లి డబ్బాలు బయట పెట్టించింది. అంతోనయ్య లేచి తిరుగుతున్నాడు. జ్వరం వస్తే ముఠాలో ఎవరి రక్తం వాళ్లదే, ఎవరి అట్ట వాళ్లదే అని కొత్త నియమం పెట్టాడు. అది ఒక్కటే సమానంగా పంచుకోకూడనిదని చెబుతాడట.

సెప్టెంబరులో కమిటీ ముందు నిలబడ్డాను. గీతాంజలి మేడం చివరి కుర్చీలో, కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. నా పనంతా చూపించాను. మేం పరీక్షిస్తున్న పదార్థం వేస్తే సీసాలో క్రిములు చచ్చాయి. నాచు వంటింట్లో తయారయ్యే ఆ సరుకును బయటి నుంచి అందించి అదే పదార్థం వేస్తే, బతికాయి. అంటే మా దెబ్బ ఎక్కడెక్కడో కాదు, సరిగ్గా గురి మీదే పడుతోంది.

"క్రిమి బతికిందని ఇంత సంతోషంగా చెప్పే మనిషిని నిన్నే చూస్తున్నాను," అన్నారు ఒక పెద్ద ప్రొఫెసరు. కొందరు నవ్వారు. డీన్ నవ్వలేదు.

"ఆ వీడియో నకిలీదని ఎందుకు ప్రకటించలేదు?"

"నకిలీది కాదు కాబట్టి సార్."

"ల్యాబు పరువు సంగతి?"

"నేను కాదంటే ల్యాబు పరువు దక్కేది. పెనుగొలనులో ఒక మనిషి దక్కేవాడు కాదేమో. సంతలో నేను మొత్తం చెప్పిన వీడియో నా దగ్గర ఉంది. మీరు వింటే ఇప్పుడే వినిపిస్తాను."

ఎవరూ వినిపించమనలేదు. ఏడాది అడిగితే ఆరు నెలలిచ్చారు. పరిశోధన గురించి బయట మాట్లాడకూడదని నోటిమాటగా ఒక షరతు పెట్టారు. వరండాలో మేడం నన్ను పట్టుకున్నారు.

"ఇంకోసారి మైకు ముట్టుకోకు."

"ముట్టుకుంటాను మేడం. ఈసారి ముందు మీకు చెప్పి ముట్టుకుంటాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "ఆరు నెలల్లో మన పదార్థం కొట్టేది ఏ ఎంజైమునో తేల్చు. అప్పుడు నీ నోరు ఎవరూ మూయలేరు," అని వెళ్లిపోయారు. అది ఆశీర్వాదమో బెదిరింపో నేను అడగలేదు.

ఆ వారాంతం బస్సెక్కి ఇంటికొచ్చాను. ఇంటికి తాళం. గంపలగూడెం రోడ్డు మీద చేలో ఉన్నారని పక్కింటామె చెప్పింది. వెళ్లేసరికి అమ్మ ముఠా సాళ్లలో వరసగా కూర్చుని కలుపు తీస్తోంది. అందరికంటే బాగా వెనక, నెత్తికి తువ్వాలు చుట్టుకుని మా నాన్న. చేతిలో కొడవలి కొత్త పెళ్లికూతురిలా బిగుసుకుని ఉంది.

"ఏబేలన్నా, పత్తి మొక్కను కూడా పీకావు చూడు," అంది ఒకామె.

"ఆయన కళ్లకు అన్నీ ఒకటే," అంది ఇంకొకామె. "కౌంటరు మీద నుంచి చూసే చూపు కదా."

"మేస్త్రమ్మా, ఈయనకు సగం కూలే ఇవ్వు."

"పూర్తిగా ఇస్తా. తిట్లు కూడా పూర్తిగా ఇస్తా," అంది అమ్మ.

నేను గట్టు మీద చెప్పులు విడుస్తుండగా వెనక బైకు ఆగింది. వెంకటప్పయ్య గారు. కాలు నేల మీద ఆనించి, నన్ను చూసి తలూపి, చేలోకి కేకేశారు.

"ఏబేలూ! కొత్తవాడికి ఏ చేనుకు ఏది ఇవ్వాలో తెలిసి చావట్లేదయ్యా. నా మీద కోపం ఉంచుకోకు. ఆ ఒక్క మాట అంటానను చాలు, రేపట్నించి వచ్చెయ్."

నాన్న లేవలేదు. తుంగ గడ్డిని దుంపతో సహా పట్టుకుని, నడుము బిగించి లాగాడు. మన్ను దులిపి గట్టు మీదకి విసిరాడు.

"ఈ సాలు అయ్యాక చూద్దామండి."

"ఆ సాలు అయ్యాక పక్క సాలుంది," అంది అమ్మ, తల ఎత్తకుండానే.

నాన్న కొడవలి చేయి మార్చుకుని ముందుకు జరిగాడు.